హారం కొనని రాణికి ఆ మచ్చ ఎలా అంటింది? 1785 నాటి వజ్రాల హారం కేసు

ప్రశ్న క్లుప్తంగా ఇది: 2024 నవంబరులో జెనీవాలో ఒక పాత వజ్రాల హారం వేలంలో దాదాపు 48 లక్షల డాలర్లకు పోయింది. ఫ్రాన్సు రాణి మేరీ ఆంటొనెట్‌ను ముంచిన హారంలోని రాళ్లు ఇవేనని, అవి గోల్కొండ వజ్రాలని వార్తలొచ్చాయి. ఆ రాణి నిజంగా ఆ హారం కోసం ఖజానా ఊడ్చిందా? నిప్పు లేనిదే పొగ రాదు కదా, ఎంతో కొంత తప్పు ఉండే ఉంటుంది కదా?

నిప్పు ఉంది, కాకపోతే అది వేరే పొయ్యిది. రాణి ఆ హారం కొనలేదు, కొనమని ఎవరికీ చెప్పలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆ హారం ఆమె మెడలోకి ఒక్కనాడూ రాలేదు, ఖజానా నుంచి దానికి ఒక్క లివ్ర (అప్పటి ఫ్రెంచి డబ్బు) కూడా వెళ్లలేదు. సంతకం దొంగదని 1786లో కోర్టే తేల్చింది. అయినా ఈ కేసులో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఆమే. మోసం ఎలా జరిగిందో తెలుసుకోవడం తేలిక. కాగితాల మీద నిర్దోషిగా తేలాక కూడా మచ్చ ఎందుకు పోలేదన్నదే చిక్కుముడి. రెండూ చెబుతాను.

ముందు వస్తువు సంగతి. పారిస్‌లో బోమర్, బసాంజ్ అని ఇద్దరు భాగస్వాములు రాజకుటుంబానికి నగలు చేసేవాళ్లు. 15వ లూయీ తన ప్రియురాలు మదాం దు బారీకి కొంటాడన్న నమ్మకంతో పెద్ద రాళ్లు ఏరి ఒక హారం తలపెట్టారు. 1774 మే నెలలో రాజు మశూచితో పోయాడు, దు బారీని కోట నుంచి పంపేశారు. వీళ్ల చేతిలో మిగిలినవి 647 వజ్రాలు, సుమారు 2,800 క్యారెట్లు. అంటే రాళ్ల బరువే అరకిలోకు పైమాట. మెడను అంటి ఉండే పేటలో 17 పెద్ద రాళ్లు, దాని కింద తోరణాల్లా వేలాడే వరుసలు, లోలకాలు, రొమ్ము మీదుగా దిగే వెడల్పాటి పట్టీలు, వాటి కొసల్లో కుచ్చులు. నిజం చెప్పాలంటే అంత అందమైన నగేమీ కాదు. బరువుగా, పాతకాలపు తీరులో ఉంటుంది. ధర 16 లక్షల లివ్రలు. అది కొనగల మారాజులు యూరప్ మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

రాళ్లు కొనడానికి ఈ వర్తకులు నౌకాదళం కోశాధికారి దగ్గర 8 లక్షల లివ్రలు అప్పు తెచ్చారు. సరుకు కదలడం లేదు, వడ్డీ మాత్రం నడుస్తోంది. ఈ అప్పు సంగతి గుర్తుంచుకోండి. అడగాల్సిన ప్రశ్నలు వీళ్లు ఎందుకు అడగలేదో దీనివల్లే అర్థమవుతుంది.

హారాన్ని రాణికి 1778లో ఒకసారి, 1781లో యువరాజు పుట్టాక మరోసారి చూపించారు. రెండుసార్లూ వద్దంది. అమెరికా యుద్ధం నడుస్తున్న రోజులవి, మనకిప్పుడు హారాల కన్నా యుద్ధనౌకలే అవసరం అన్నదని ఆమె దగ్గర పనిచేసిన మదాం కాంపాన్ రాసింది. తర్వాత ఒకనాడు బోమర్ కాళ్ల మీద పడి, మీరు కొనకపోతే నీళ్లలో దూకి చస్తానన్నాడట. ఆ హారం విప్పేసి రాళ్లు విడివిడిగా అమ్ముకో, నాకు మాత్రం మళ్లీ చూపించకు అని రాణి విసుక్కుందట. మంచి సలహా. విని ఉంటే ఆ దుకాణం దివాలా తీసేది కాదు.

ఇక మనుషులు. కార్డినల్ రోహాన్ ఫ్రాన్సులో అతి పెద్ద వంశాల్లో ఒకదానివాడు, స్ట్రాస్‌బూర్ బిషప్పు, రాజుగారి ఆస్థానంలో మతాధికారులందరికీ పెద్ద. డబ్బుంది, హోదా ఉంది, కావలసింది ప్రధానమంత్రి పదవి. అడ్డు రాణి. 1772 నుంచి 1774 దాకా వియన్నాలో రాయబారిగా ఉన్నప్పుడు రాణి తల్లి, ఆస్ట్రియా ఏలిక మరియా తెరీజాను ఎగతాళి చేస్తూ ఒక ఉత్తరం రాశాడు. ఒక చేతిలో కన్నీళ్లు తుడుచుకునే రుమాలు, రెండో చేతిలో పోలండును కోసుకునే కత్తి అని దాని సారాంశం. అది విందు బల్ల దగ్గర చదివించుకుని నవ్వుకున్నారు. కూతురు దాన్ని మరిచిపోలేదు. ఏళ్ల తరబడి ఆమె ఇతనితో మాట కూడా కలపలేదు. మాట్లాడితే చాలు, అన్నీ సర్దుకుంటాయని రోహాన్ నమ్మకం. దగాకోరుకు ఇంతకన్నా మంచి బేరం దొరకదు: చేతినిండా డబ్బు, ఒకే ఒక్క కోరిక, ఆ కోరిక తీర్చగల మనిషిని నేరుగా అడగలేని స్థితి.

ఝాన్ ద లా మోత్ 1756లో పుట్టింది. పాత వాలువా రాజవంశంలో రెండో హెన్రీ రాజుకు అక్రమంగా పుట్టిన కొడుకు వంశం వాళ్లది. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఇల్లు గడవని బీదరికం, ప్రభుత్వం ఇచ్చే భరణం ఏడాదికి 800 లివ్రలు. తర్వాత అది 1,500 అయింది. భర్త నికొలా చిన్న సైనికోద్యోగి, కౌంట్ అన్న బిరుదు తనకు తానే తగిలించుకున్నాడు. ఆమె రాజు కొలువుండే వెర్సాయ్‌లో తిరుగుతూ రాణి దృష్టిలో పడాలని మూర్ఛపోయినట్టు నటించడం లాంటివి చేసింది. రాణి కంట్లో పడలేదు గానీ, పడినట్టు ప్రచారం చేసుకోగలిగింది. వెర్సాయ్ కోట ఆవరణలోకి మర్యాదగా బట్టలు కట్టుకున్న ఎవరైనా వెళ్లి రావచ్చు. ఎవరు ఎక్కడి నుంచి బయటికొస్తున్నారో చూసి లెక్కలు కట్టేవాళ్లకు అక్కడ కొదవ లేదు. ఝాన్ పెట్టుబడి మొత్తం అంతే.

మోసం అంచెలంచెలుగా సాగింది. మొదటి అంచె ఉత్తరాలు. రాణి నీమీద మెత్తబడుతోంది, సంజాయిషీ రాసివ్వు అని ఝాన్ రోహాన్‌తో చెప్పింది. అతను రాశాడు. జవాబులు వచ్చాయి. వాటిని రాసింది ఆమె ప్రియుడు, భర్త స్నేహితుడు అయిన రెతో ద విలెత్. రాణి చేతిరాతను అనుకరించాలని అతను పెద్దగా ప్రయత్నించను కూడా లేదు. మంచి కాగితం, ఆడవాళ్ల రాత తీరు, ఆప్యాయంగా నాలుగు మాటలు ఉంటే సరిపోయింది.

రెండో అంచె తోటలో కలయిక. ఉత్తరాలు నెలల తరబడి నడిచాక రోహాన్ నేరుగా చూడాలని పట్టుబట్టాడు. నికొలా పారిస్‌లోని పాలె రొయాల్ తోటల్లో తిరిగే నికోల్ లెగే అనే 20 ఏళ్లు దాటిన అమ్మాయిని పట్టాడు. ముఖం తీరు కొంచెం రాణిలా ఉంటుంది. 15,000 లివ్రలు ఇస్తామన్నారు, చివరికి చేతిలో పెట్టింది 4,000 పైచిలుకు. 1784 ఆగస్టులో చంద్రుడు లేని రాత్రి వెర్సాయ్ తోటలో వీనస్ పొద దగ్గర తెల్లటి మస్లిన్ గౌనుతో ఆమెను నిలబెట్టారు. ఆ గౌను ఊరికే ఎంచుకున్నది కాదు. అంతకు ముందు ఏడాది విజే లబ్రన్ అనే చిత్రకారిణి అలాంటి పల్చటి గౌనులోనే రాణి బొమ్మ గీసి ప్రదర్శనలో పెట్టింది. రాణి లోపలి పావడాతో జనం ముందుకొచ్చిందని గోల చేస్తే ఆ పటాన్ని తీసేయాల్సి వచ్చింది. రాణి అంటే ఈ గౌను అని ఊరందరికీ తెలుసు, రోహాన్‌కూ తెలుసు. అమ్మాయి ఒక గులాబీ ఇచ్చి, దీని అర్థం మీకు తెలుసు అన్న ఒక్క ముక్క పలికింది. అంతలో ఎవరో వస్తున్నారని కంగారు పెట్టి అందర్నీ చెదరగొట్టారు. మొత్తం తంతు రెండు మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నకిలీ మనిషితో ఎక్కువసేపు మాట్లాడిస్తే గుట్టు బయటపడుతుందని ఝాన్‌కు తెలుసు.

ఆ తర్వాత రాణి దానధర్మాలకు కావాలంటూ రోహాన్ దగ్గర పెద్ద మొత్తాలే రెండు సార్లు లాగింది. ఆ డబ్బుతో వాళ్లు వైభవంగా బతకసాగారు. అది చూసి, ఈమెకు రాణి దగ్గర నిజంగానే పలుకుబడి ఉందని జనం నమ్మారు. అలా నమ్మినవాళ్లలో బోమర్, బసాంజ్ కూడా ఉన్నారు. 1784 చివర్లో వాళ్లే వచ్చి హారం సంగతి కదిలించారు. చాలామంది ఇది మరిచిపోతారు. హారం కాజేయాలన్న పథకం ముందు నుంచీ ఉన్నది కాదు, ఆశపడ్డ అమ్మకందారే తెచ్చి ఇంటి గుమ్మంలో పెట్టాడు.

మూడో అంచె ఒప్పందం. 1785 జనవరి చివర్లో రోహాన్ బేరం కుదిర్చాడు. 16 లక్షలు, ఆరు నెలలకొకటి చొప్పున నాలుగు వాయిదాలు, ఒక్కోటి 4 లక్షలు, మొదటిది 1785 ఆగస్టు 1న. రాణి స్వయంగా కొంటే గోలవుతుంది కాబట్టి నీ చేతుల మీదుగా కొనాలంటోంది అని అతన్ని నమ్మించారు. షరతుల కాగితం ఝాన్ తీసుకెళ్లి, పక్కన ‘సమ్మతం’ అని, కింద ‘మేరీ ఆంటొనెట్ ద ఫ్రాన్స్’ అని రాయించి తెచ్చింది. ఫిబ్రవరి 1న నగ రోహాన్ చేతికొచ్చింది. వెర్సాయ్‌లో ఝాన్ అద్దె ఇంట్లో, రాణి పంపిన సేవకుడని చెప్పిన మనిషికి దాన్ని అప్పగించారు. ఆ వచ్చినవాడూ విలెత్తే.

వర్తకులు ఎందుకు నమ్మారు? రాణి తొలి రోజుల్లో ఇదే బోమర్ దగ్గర లక్షల ఖరీదు చేసే చెవిలోలకులు కొని, ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చింది. కాబట్టి వాయిదాల పద్ధతి కొత్తగా అనిపించలేదు. పైగా మధ్యవర్తి కార్డినల్. సంతకం అబద్ధమైనా రోహాన్ వంశం డబ్బు అబద్ధం కాదు. ఆ లెక్క వాళ్ల మనసులో ఉండే ఉంటుందని నా అనుమానం.

ఆ సంతకం దగ్గరే మొత్తం పథకం కూలిపోవాల్సింది. ఫ్రాన్సు రాణులు బాప్తిస్మం పేరు మాత్రమే రాస్తారు. ‘మేరీ ఆంటొనెట్’ అంతే. ‘ద ఫ్రాన్స్’ అన్నది రాజుకు పుట్టిన పిల్లల పేరులో వచ్చే మాట. ఈమె పుట్టింది ఆస్ట్రియాలో. ఊళ్లో నగలమ్మేవాడికి ఇది తెలియకపోవచ్చు. రాచకొలువులో పుట్టి పెరిగిన రోహాన్‌కు తెలియకపోవడానికి వీల్లేదు. కానీ తనకు కావలసింది కళ్ల ముందుంటే మనిషి అక్షరాలు చూడడు.

నగ దొరికిన వెంటనే కత్తితో పీకి రాళ్లు విడదీశారు. మొరటుగా పీకడంతో కొన్ని రాళ్లు దెబ్బతిన్నాయి. ఫిబ్రవరిలోనే విలెత్ పారిస్‌లో కొన్ని అమ్మజూపితే, ఇంత చవగ్గా అమ్ముతున్నాడేమిటని అనుమానించి పోలీసులకు చెప్పారు. జేబుల నిండా వజ్రాలతో దొరికాడు. కానీ వజ్రాలు పోయాయని ఎక్కడా ఫిర్యాదు లేదు. వదిలేశారు. నికొలా లండన్ వెళ్లి న్యూ బాండ్ స్ట్రీట్‌లో గ్రే, పికడిల్లీలో జెఫ్రీస్ అనే నగల వర్తకుల దగ్గరికి పోయాడు. జెఫ్రీస్‌కూ అనుమానం వచ్చింది, అతనూ వాకబు చేశాడు. మళ్లీ అదే జవాబు, దొంగతనం ఏదీ నమోదు కాలేదు. అమ్మినవాళ్లు నగ రాణి దగ్గరుందనుకుంటున్నారు, ఇప్పించినవాడూ అదే అనుకుంటున్నాడు. రాణికి ఆ బేరం జరిగినట్టే తెలియదు. పోయిందని చెప్పడానికి సొంతదారే లేని దొంగతనం అది.

రాణి హారం ఎందుకు వేసుకోవడం లేదని రోహాన్ ఎదురుచూపులు. ధర ఎక్కువనిపిస్తోందట, 2 లక్షలు తగ్గించమంటోందట అని జులైలో ఝాన్ చెప్పింది. వర్తకులు ఒప్పుకున్నారు. రోహాన్ వాళ్లచేత రాణికి కృతజ్ఞతగా నాలుగు ముక్కలు రాయించాడు. జులై 12న వేరే నగ ఇవ్వడానికి వెళ్లిన బోమర్ ఆ చీటీని రాణి చేతికిచ్చి వచ్చేశాడు. ప్రపంచంలో అందమైన వజ్రాలు అందరికన్నా గొప్ప రాణికి చేరినందుకు సంతోషం అన్న ధోరణిలో ఉంది. ఆమెకు తలా తోకా తెలియలేదు. ఈ మనిషికి మతి చెడినట్టుందని దాన్ని కొవ్వొత్తికి చూపించి కాల్చేసింది.

ఈ కేసులో రాణి వైపు నుంచి నిజమైన పొరపాటు ఏదైనా ఉంటే ఇదే. ఏమిటీ చీటీ అని ఆ పూటే పిలిచి అడిగి ఉంటే విషయం అక్కడే బయటపడేది. అడగకపోవడంతో బోమర్‌కు, రాణి చదివింది, కాదనలేదు, కాబట్టి హారం అందింది అన్న రుజువు దొరికినట్టయింది. పైగా ఆ కాగితం బూడిదైంది. తర్వాత ఎవరెన్ని చెప్పినా చూపించడానికి ఏమీ మిగల్లేదు.

ఆగస్టు వాయిదా దగ్గర పడగానే ఝాన్ 30,000 పైగా వడ్డీ కింద చెల్లించి అక్టోబరు దాకా గడువు అడిగింది. వర్తకులు ఒప్పుకోలేదు, వాళ్ల అప్పులవాళ్లు గొంతు మీద కూర్చున్నారు. అప్పుడామె తన మొత్తం ఆటలో అతి తెలివైన ఎత్తు వేసింది. ఆ సంతకం దొంగది, వెళ్లి కార్డినల్‌ను పట్టుకోండి, అతని దగ్గర డబ్బుంది అని తానే బసాంజ్‌కు చెప్పేసింది. పరువు కోసం రోహాన్ నోరు మూసుకుని హారం డబ్బంతా కడతాడని లెక్క. దాదాపు అలాగే జరిగేది. కానీ బోమర్ ముందుగా మదాం కాంపాన్ దగ్గరికి వెళ్లాడు, ఆమె ద్వారా సంగతి రాణికి చేరింది.

ఇక్కడి నుంచి తప్పులు రాజుగారివి, అంటే రాణి భర్త 16వ లూయీవి. 1785 ఆగస్టు 15 మరియమాత పండగ, రాణి పేరు పండగ కూడా. వెర్సాయ్ కిటకిటలాడుతోంది. పూజకు సిద్ధమై మతాధికారి దుస్తుల్లో ఉన్న రోహాన్‌ను రాజు తన గదిలోకి పిలిచి అడిగాడు. అతను తడబడ్డాడు, మోసపోయానన్నాడు. అతనికి బద్ధశత్రువైన మంత్రి బ్రెతూయ్ పక్కనే ఉన్నాడు. పూజ కోసం ఎదురుచూస్తున్న జనం మధ్యలో అద్దాల మందిరంలో అరెస్టు చేయించారు. నెమ్మదిగా, లోపల్లోపల తేల్చుకోవచ్చని చెప్పినవాళ్లు లేకపోలేదు. రాణి కోపం మీద ఉంది, రాజు ఆమె మాటే విన్నాడు.

అరెస్టు చేసినవాళ్లు ఇంకో ముఖ్యమైన పని మరిచిపోయారు. తీసుకెళ్తుండగా రోహాన్ పెన్సిలుతో ఒక చీటీ గీకి సేవకుడికిచ్చాడు. పారిస్ ఇంట్లో అతని కార్యదర్శి జార్జెల్ ఆ చీటీ అందగానే ‘రాణి’ ఉత్తరాలన్నీ తగలబెట్టాడు. రోహాన్ తన పరువు కోసం చేశాడా పని. కానీ నష్టపోయింది రాణి. ఆ ఉత్తరాలు ఉంటే, చేతిరాత పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క రోజులో తేలిపోయేది. అవి లేకపోవడంతో, రాణి నిజంగా ప్రేమలేఖలు రాసిందట, అందుకే కాల్చేశారట అన్న మాటకు జవాబు లేకుండా పోయింది. ఝాన్ కూడా బార్ స్యూర్ ఓబ్ అనే ఊళ్లో తన కాగితాలు కాల్చేసి మూడు రోజుల తర్వాత దొరికింది. నికోల్ బ్రస్సెల్స్‌లో, విలెత్ జెనీవాలో దొరికారు. నికొలా మిగిలిన వజ్రాలతో ఇంగ్లండులోనే ఉండిపోయాడు.

రాజు రోహాన్‌కు రెండు దారులిచ్చాడు. నా క్షమాభిక్ష కోరుకో, లేదా పారిస్ పార్లెమాంలో విచారణకు ఒప్పుకో. పార్లెమాం అంటే ఇప్పటి చట్టసభ కాదు, పెద్ద న్యాయస్థానం. అక్కడి న్యాయమూర్తులకూ రాజుకూ చాలాకాలంగా పడదు. రోహాన్ కోర్టునే కోరుకున్నాడు. దాంతో రాణి పేరు బజార్లోకి వచ్చింది. కారణం ఒక సాంకేతికమైన వెసులుబాటు. ఆ రోజుల్లో ఏ పుస్తకం అచ్చేయాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. కోర్టు కేసుల్లో లాయర్లు వేసే వాదన పత్రాలకు మాత్రం అక్కర్లేదు. ఈ కేసులో ఎవరి లాయరు వాళ్లు తమ కక్షిదారు కథను నవలలా రాసి అచ్చేయించారు. అవి వేలల్లో అమ్ముడయ్యాయి. తోటలో నిలబడ్డ నికోల్ కథ మరీ ఎక్కువ. బాస్టిల్ జైల్లోనే ప్రసవించిన అమాయకురాలిగా ఆమె అందరి కళ్లలో నీళ్లు తెప్పించింది. చీకట్లో గులాబీ ఇచ్చిన దృశ్యాన్ని పారిస్ అంతా చదివింది. అక్కడున్నది రాణి కాదన్న వాక్యం కూడా అందులోనే ఉంది. జనానికి గుర్తున్నది మాత్రం తోట, చీకటి, రాణి అన్న మూడు మాటలు.

1786 మే 31న తీర్పు. పొద్దున్నే రోహాన్ బంధువర్గం శోకదుస్తుల్లో కోర్టు ద్వారం దగ్గర వరుసగా నిలబడి, లోపలికెళ్లే న్యాయమూర్తులకు తలవంచి నమస్కరించింది. సంతకం దొంగదని ఎవరికీ అనుమానం లేదు. ఝాన్‌కు కొరడా దెబ్బలు, భుజాల మీద దొంగ అన్న మాటలోని ‘వి’ అక్షరం కాల్చి ముద్ర వేయడం, సాల్పెత్రియేర్ జైల్లో యావజ్జీవం. భర్తకు పరోక్షంలోనే ఓడల్లో వెట్టి శిక్ష. విలెత్‌కు దేశ బహిష్కారం. మహిమలు చేస్తానంటూ రోహాన్ ఇంట్లో మకాం వేసిన కాగ్లియోస్త్రో కేసులోంచి బయటపడ్డాడు, తర్వాత రాజు అతన్నీ దేశం నుంచి వెళ్లగొట్టాడు. నికోల్‌ను కూడా వదిలేశారు.

అసలు పేచీ రోహాన్ విషయంలో. రాణి రాత్రిపూట తోటలో తనను కలుస్తుందని నమ్మడమే ‘నేరపూరితమైన దుస్సాహసం’, అతను బహిరంగంగా క్షమాపణ చెప్పాలి, పదవులు వదులుకోవాలి, రాజు ఉండే చోట్లకు రాకూడదు అని ప్రభుత్వ న్యాయవాది కోరాడు. డబ్బు మోసంలో రోహాన్‌కు భాగం లేదని అతనూ ఒప్పుకున్నాడు. తేల్చాల్సింది ఒక్కటే: రాణి గురించి ఒక పెద్దమనిషి అలా నమ్మడం తప్పా కాదా? న్యాయమూర్తులు స్వల్ప తేడాతో, ఏ మచ్చా లేకుండా విడుదల చేశారు. అంటే ఆ రాణి గురించి అలా అనుకోవడం సహజమేనని ఫ్రాన్సులో అతి పెద్ద కోర్టు చెప్పినట్టయింది. ఝాన్‌కు శిక్ష పడింది కదా, రాణికి న్యాయం జరిగినట్టే కదా అనేవాళ్లు ఈ మెలికను చూడరు. ముద్దాయిల్లో ఆమె పేరు లేకపోయినా తీర్పు ఆమె మీద కూడా వచ్చింది.

కోర్టు వదిలేసిన రోహాన్‌ను రాజు పదవి నుంచి తీసేసి, దూరాన లా షెజ్ ద్యూ మఠానికి పంపాడు. ఇంకో తప్పు. దాంతో అతను వీరుడైపోయాడు.

ఇప్పుడు మీరడిగిన నిప్పు సంగతి. ఆ నమ్మకం ఎందుకు సహజంగా తోచింది? 1770లో పెళ్లయితే మొదటి బిడ్డ 1778లో పుట్టింది. ఆ మధ్యకాలమంతా ఆమె పడకగది మీద బూతు కరపత్రాలు గుట్టుగా అచ్చవుతూనే ఉన్నాయి. లోపం ఎక్కడున్నా మాట పడింది ఆమే. ఫ్రాన్సుకు పాత శత్రువైన ఆస్ట్రియా ఆడపడుచు. స్నేహితులకు పదవులు, పింఛన్లు ఇప్పించింది. జూదం ఆడేది. అన్నిటికీ మించి, సరిగ్గా ఈ హారం నాటకం నడుస్తున్న 1785 ఫిబ్రవరిలోనే 60 లక్షల లివ్రలతో సాం క్లూ కోటను తన సొంత పేరు మీద కొనిపించుకుంది. ఫ్రాన్సు రాణి పేరు మీద విడిగా ఆస్తి ఏమిటని గగ్గోలు పుట్టింది. అది నిజమైన ఖర్చు, హారానికి దాదాపు నాలుగింతలు. కోట కొన్నది హారం కొనలేదంటే ఎవరు నమ్ముతారు?

ఇక ఖజానా ఊడ్చిందన్న మాట. 1788 లెక్కల ప్రకారం ప్రభుత్వ ఖర్చు సుమారు 63 కోట్ల లివ్రలు. అందులో దాదాపు సగం పాత యుద్ధాల అప్పులకు, వడ్డీలకే. రాచకుటుంబం, కొలువు మొత్తం ఖర్చు 6 శాతం దగ్గర. హారం ధర ఏడాది ఖర్చులో సుమారు నాలుగువందో వంతు మాత్రమే, అదీ ఖజానా కట్టలేదు. అయినా ‘లోటు దొరసాని’ అన్న పేరు ఆమెకే పడింది. అంకెల అప్పును ఎవరూ తిట్టలేరు, మెడలో హారమున్న ఆడమనిషిని తిట్టడం తేలిక. ‘రొట్టె లేకపోతే కేకులు తినమనండి’ అన్నదీ ఆమె కాదు. రూసో తన ఆత్మకథలో ఎవరో గొప్ప రాజకుమారి అన్నట్టు రాశాడు. అది రాసేనాటికి ఈమె ఇంకా వియన్నాలో చిన్నపిల్ల.

కోర్టుకెక్కి మరింత పోగొట్టుకున్న కేసు మన హైదరాబాదులోనూ ఉంది. నిజాం కొలువులో హోం కార్యదర్శి మెహదీ హసన్, ఆయన భార్య ఎలెన్ డొనెలీ 1888లో లండన్‌లో విక్టోరియా రాణి దర్శనం దాకా వెళ్లి వచ్చినవాళ్లు. 1892లో ఎలెన్ పూర్వజీవితం మీద అసభ్యమైన ఆరోపణలతో పేరులేని ఇంగ్లిషు కరపత్రం ఊళ్లో తిరిగింది. మెహదీ హసన్ దాన్ని చించి పారేయకుండా, ముద్రించాడని మిత్రా అనే వ్యక్తి మీద రెసిడెన్సీ కోర్టులో కేసు వేశాడు. నెలల తరబడి సాక్షులొచ్చి ఆమె శీలం గురించి చెబుతూ ఉంటే పత్రికలు అచ్చేశాయి. 1893లో మిత్రా బయటపడ్డాడు, మెహదీ హసన్ ఉద్యోగం పోయింది. 16వ లూయీ చేసిన పొరపాటుకు ఇది జిరాక్సు కాపీ. ముద్దాయి మగవాడు, విచారణ మాత్రం ఆడమనిషిది.

తర్వాతి సంగతులు వేగంగా. ఝాన్ 1787లో మగవేషంలో జైలు నుంచి పారిపోయి లండన్ చేరింది. రాణితో తనకు చాలా సాన్నిహిత్యం ఉండేదని, హారం ఆమే తీసుకుందని స్మృతులు అచ్చేసింది. 1791లో కిటికీలోంచి పడి చనిపోయింది. ఆమె పుస్తకాల ప్రతులు కొన్నిటిని రాజు మనుషులు కొని, 1792లో సెవ్ర్ పింగాణీ కార్ఖానా బట్టీల్లో కాల్పించారు. ఆ కాల్చడం బయటపడి ఇంకో గొడవ. రోహాన్ తన కింద ఉన్న ఒక మఠం ఆదాయాన్ని బోమర్, బసాంజ్‌లకు రాసిచ్చాడు. విప్లవంలో చర్చి ఆస్తులు పోయాయి, ఆ వర్తకులు దివాలా తీశారు. 1793 అక్టోబరులో విప్లవ న్యాయస్థానంలో రాణిని లా మోత్ అనే మనిషి ఎలా పరిచయమని అడిగారు. ఆమెను నేనెన్నడూ చూడలేదంది. హారం కేసులో ఆమె మీ వల్ల బలైపోలేదా అని మళ్లీ అడిగారు. తెలియని మనిషి నా వల్ల ఎలా బలవుతుందంది. అక్టోబరు 16న తల తీశారు. హారం వల్లే తల పోయిందనడం మాత్రం ఎక్కువ మాట. యుద్ధం, ఆస్ట్రియాతో రహస్య ఉత్తరాలు, పారిపోవాలని చేసిన ప్రయత్నం, ఇవన్నీ వేరే లెక్కలు.

దీని మీద చదవాలంటే ఒక జాగ్రత్త. ఝాన్ స్మృతులు డబ్బు కోసం, పగతో రాసినవి. కాంపాన్ స్మృతులు చాలా ఏళ్ల తర్వాత రాణిని కాపాడుతూ, తనను తాను నిలబెట్టుకుంటూ రాసినవి. లాయర్ల పత్రాలు కక్షిదారు కోసం అల్లినవి. ఈ మూడూ ఒప్పుకున్న చోట ధైర్యంగా నమ్మొచ్చు. ఒక్కదానిలోనే ఉన్న సంభాషణలను రుచి కోసం చదవండి, రుజువుగా వాడకండి.

చివరగా గోల్కొండ. ఫ్రాన్సు రాజులకూ మన కృష్ణా తీరానికీ సంబంధం ఉన్న మాట నిజం, కానీ అది వేరే రాయితో. 140 క్యారెట్ల రీజెంట్ వజ్రం కొల్లూరు గనిది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొని, లండన్‌లో సాన పట్టించి, 1717లో ఫ్రాన్సుకు అమ్మాడు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సొత్తు. గని ఉన్న చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. హారం చేసిన 1770ల నాటికి యూరప్‌కు వజ్రాలు ఎక్కువగా బ్రెజిల్ నుంచే వస్తున్నాయి. పాత గోల్కొండ రాళ్లూ బజారులో తిరుగుతూనే ఉన్నాయి. 2024లో అమ్ముడైన నగలో సుమారు 500 వజ్రాలు, 300 క్యారెట్లు. వాటిలో కొన్ని ఆ పాత హారంవి అయ్యుండొచ్చని, రాళ్లు గోల్కొండవై ఉండొచ్చని వేలం సంస్థ అన్నది. ‘అయ్యుండొచ్చు’ అన్నారంతే. కత్తితో పీకి, జేబుల్లో వేసుకుని, రెండు దేశాల్లో పదిమందికి చిల్లరగా అమ్మిన రాళ్లకు జాతక చక్రం ఎవరి దగ్గరా ఉండదు.